బుట్ట మోసినవాడి మొహం

ముందుగదిలో అద్దాల బీరువా మీది మసి తుడుస్తున్నాను. మాఘమాసం వచ్చిందంటే తుమ్మపాల చుట్టుపక్కల బెల్లం గానుగలన్నీ ఒక్కసారే పొయ్యిలు వెలిగిస్తాయి. చెరకు పిప్పి కాలిన మసి నల్లదూదిలా ఎగిరొచ్చి అరుగు మీద, కుర్చీల మీద, ఆరేసిన చీరల మీద వాలుతుంది. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ మామూలే. ఆ బీరువాలో మా బావ తీసిన పెళ్ళి ఫొటోలుంటాయి. పని ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ముందు చూసేది వాటినే కాబట్టి, ఆ అద్దం నా పనుల్లో మొదటిది.

బావ అంటే నా మొగుడే, త్రినాథ్. మా మేనత్త కొడుకు. ముందురోజు విశాఖ వెళ్ళినవాడు అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. భుజాన కొత్త సంచి ఉంది.

"సెయ్యి కడుక్కురా లోవా. మసి సేత్తో ముట్టుకుంటావేమో," అన్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కెమెరా బల్ల మీద ఉంది. లోపల అద్దం లేని కొత్తరకం, మిర్రర్‌లెస్ అంటారు. ఒకరు వాడి అమ్ముకున్నదే అయినా కొత్తదానిలా మెరుస్తోంది. పక్కన రెండు లెన్సులు. ఒకటి కెమెరాతో వచ్చిన మామూలు లెన్సు, రెండోది పొట్టిగా, కన్ను పెద్దదిగా ఉన్న ఫిఫ్టీ ఎమ్మెమ్ లెన్సు. బావ ఆ రెండోదాన్నే బిగించి అరుగు మీదికి వెళ్ళాడు. అక్కడ మా అత్త అప్పలనర్సమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది.

"అమ్మా, ఇటు సూడు."

"ఉండరా, కొంగు సర్దుకోనీ."

"ఒద్దొద్దు, అలగే ఉండు."

తీసి చూపించాడు. అత్త మొహం ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. కంటికింద ముడతలు, ముక్కుపుడక మీద మెరుపు, పెదవికంటిన చింతపండు పీచు కూడా కనిపిస్తున్నాయి. వెనక ఉన్న గుమ్మం, గడప, గోడకానించిన చెరకుగడలు మాత్రం నీళ్ళలో పడ్డ రంగుల్లా కలిసిపోయాయి.

అత్త కళ్ళు చిట్లించి చూసింది. "నా ఇల్లేదిరా?"

"అదే బ్లర్ అమ్మా. వెనకున్నదంతా ఎగిరిపోద్ది. దీని గొప్పే అది."

"ఇల్లెగిరిపోతే గొప్పేటిరా ఎదవా? మీ నాన్నా నానూ మట్టితట్టలు మోసుకుని కట్టుకున్న ఇల్లు!"

బావ నవ్వి నావైపు తిరిగాడు. "నీ డబ్బా తే. రెండూ సూద్దాం."

డబ్బా అంటే నా కెమెరా. మా చిన్నాన్న పైడిరాజు ఇచ్చాడు. ఆయనకి పిట్టల పిచ్చి. రాంబిల్లి సముద్రపు ఒడ్డుకి వెళ్ళి రోజంతా కొంగల్నీ పడవల్నీ తీసేవాడు. కళ్ళకి శుక్లాలు కమ్మాక, ఇంట్లో ఓపిగ్గా కూర్చుని చూసేదానివి నువ్వేనని చెప్పి నా చేతిలో పెట్టాడు. దానికి లెన్సు మార్చే పనిలేదు. మీట నొక్కితే తాబేలు మెడలా ముక్కు సాచుకుంటూ బయటికొస్తుంది, ఎంత దూరాన్నైనా దగ్గరికి లాగుతుంది.

చెరకు తోట అవతల తాటిచెట్టు మీద గద్ద వాలి ఉంది. నేను లాగి తీశాను. దాని పసుపుపచ్చని కన్ను, ముక్కు వంపు తెలిశాయి. బావ తీసిన దాంట్లో తాటిచెట్టు అందంగా ఉంది, గద్ద మాత్రం మిరియపు గింజంత చుక్క.

"పెళ్ళిలో గద్దలెందుకే నీకు?" అన్నాడు. "దీని లోపల ఎలుతురు పట్టే సెన్సారు తపాలాబిళ్ళంత ఉంటది. నీ దాంది సిటికినేలు గోరంత. గోరు మీద ఎంత ఎలుతురు పడుద్ది సెప్పు? సీజనయ్యేలోగా ఆ డబ్బా షాపులో ఇచ్చేత్తే మంచి పోట్రైట్ లెన్సు ఇత్తానన్నారు. మాటాడొచ్చేను."

నేను మళ్ళీ గుడ్డ తీసుకుని బీరువా దగ్గరికి వెళ్ళాను. మా ఇంట్లో నేను మాట్లాడలేదంటే సరేనన్నట్టే లెక్క.

*

మాకవరపాలెం దగ్గరి ఒక ఊళ్ళో ఎర్రిబాబు గారింట ఆ సీజన్లో రెండు పెళ్ళిళ్ళు. పెద్దమ్మాయి హాసినిది మాఘంలో, చిన్నమ్మాయిది ఫాల్గుణంలో. రెండూ బావే ఒప్పుకున్నాడు. నేను లైటు పట్టుకోవడానికి వెళ్ళాను. నా కెమెరాని కూడా భుజానికి తగిలించుకున్నాను.

"డబ్బా కూడా పెళ్ళికొచ్చిందేటి? భోజనం పెట్టాలా దానికీ?" అన్నాడు బావ, దార్లో.

ఉన్నమాట చెప్పాలి. లోపలిగదిలో పెళ్ళికూతురికి నలుగు పెడుతుంటే నా కెమెరా చేతులెత్తేసింది. ఒక్క చిన్న కిటికీ, పొగపట్టిన గోడలు. నేను తీసిన ఫొటోల్లో అందరి మొహాల మీదా రవ్వ చల్లినట్టుంది. అదే గదిలో బావ కెమెరాకి హాసిని బుగ్గ మీది పసుపు తడితో సహా వచ్చింది. వెలుతురు చాలనిచోట గోరు గోరే, తపాలాబిళ్ళ తపాలాబిళ్ళే. అది నేను ఆ గదిలోనే ఒప్పుకున్నాను.

పొద్దెక్కాక ముహూర్తం. పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకురావాలి. హాసిని మేనమామ సత్తియ్య రాంబిల్లి ఒడ్డున వేటకెళ్ళే మనిషి. వయసు మీద పడింది. మోకాలు సరిగా లేదు, పక్కన ఇంకో ఇద్దర్ని పట్టమందామని ఎవరో అంటే, "అక్క కూతురు. నా ఒక్కడి బరువే," అన్నాడు. తలపాగా బిగించి వంగాడు. ఆయన భార్య కాసులమ్మ బుట్ట అంచు పట్టుకుంది.

"పగలే కదా, లైటక్కర్లేదు. అడ్డు లే," అన్నాడు బావ నాతో.

అడ్డు లేచి, వీధి దాటి, ఎదురింటి మెట్ల మీద నిలబడ్డాను. మధ్యలో జనం వీపులు, బాజాలవాళ్ళు, కుర్చీల వరసలు. రెండు భుజాల మధ్య సందు దొరికింది. ముక్కు సాచి అందులోంచి లాగాను. సత్తియ్య మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. కింది పెదవిని పళ్ళకింద పట్టాడు. బుట్టలో హాసిని నవ్వాపుకోలేక నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. నేను మీట మీంచి వేలు తియ్యలేదు.

*

ఫొటోలు ఏరుకోవడానికి సత్తియ్య, కాసులమ్మ మా ఇంటికి వచ్చారు. పెళ్ళికూతురి తండ్రి ఎర్రిబాబు గానుగ వదిలి రాలేక బావమరిదిని పంపాడట. బావ టీవీకి తీగ తగిలించి ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు. నేను టీ ఇచ్చి గోడ పక్కన కూర్చున్నాను. అత్త గుమ్మంలో ఉంది.

"ఓలమ్మో, మా గుంట సినిమా యాక్టరులాగుంది!" అంది కాసులమ్మ.

"మరేటనుకున్నావు పిన్నీ," అన్నాడు బావ.

కాసేపు బాగానే గడిచింది. తరవాత కాసులమ్మ నెమ్మదిగా ముందుకి వంగసాగింది. "ఈ పచ్చసీరది ఎవులు? మా ఆడబిడ్డా, ఎర్రిబాబు అప్పా?" "ఈ తెల్లగా ఇడ్లీలాగున్నదేటి? పంతులేనా?" బావ నవ్వి, వెనకున్నవాళ్ళ సంగతి వదిలేసి ముందున్న పెళ్ళికూతుర్ని చూడమన్నాడు.

సత్తియ్య టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. తనది వచ్చేదాకా ఆగుతున్నాడని నాకు అర్థమైంది.

"ఇప్పుడు సూడండి," అన్నాడు బావ. "ఆల్బం అట్ట మీదికి ఇదే."

బుట్టలో హాసిని. కనురెప్పలు ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. చెంపస్వరాల మీద ఎండ పడి మెరుస్తోంది. ఆమె తల వెనక, ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు, గోధుమరంగు ముద్ద ఒకటి. ఆ ముద్ద మీద తెల్లని ముద్ద ఇంకోటి.

"నానేడి?" అన్నాడు సత్తియ్య.

"ఇదిగో మావా, ఎనకాల. ఈ తెల్లది నీ తలపాగా."

సత్తియ్య లేచి టీవీ దగ్గరికి వెళ్ళాడు. వేలు పెట్టబోయి, అద్దానికి మరక పడుతుందేమోనని ఆగాడు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"మోసినోడికి మొహం లేదేటి బాబూ?" అన్నాడు.

గొంతు పెంచలేదు. అదే కష్టంగా ఉంది.

"అది ఫోకసు మావా. పెళ్ళికూతురు మీద పెట్టాలి గదా. పెద్ద పెద్దోళ్ళ పెళ్ళిళ్ళలో ఇప్పుడిలాగే..."

"ఆ బుట్ట మోసి నడుం పట్టేసి మంచం దిగలేదు ఈయన," అంది కాసులమ్మ. "కొబ్బరినూని రాసి రాసి నా సేతులు పడిపోయేయి. నీ కెమెరాకి మాత్రం పొగలాగ కనపడ్డాడు! పందిట్లో ఉన్నోళ్ళంతా పొగేనేటి? మరి భోజనాలు ఎవులు తిన్నారు, పొగ తిందేటి?"

అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బావ చెవులు ఎర్రబడ్డాయి.

"మరేం ఒద్దులే బాబూ," అన్నాడు సత్తియ్య లేస్తూ. "ఆల్బం ఎలాగున్నా ఏసియ్యి. హాసిని సెల్లి పెళ్ళికి మాత్రం ఇంకెవుల్నన్నా సూసుకుంటాం."

నేను లేచాను. గూట్లోంచి నా కెమెరా తీసి, బావ కెమెరాకున్న తీగ ఊడదీసి దీనికి తగిలించాను. బావ "ఏటే అది?" అన్నాడు. నేను బొమ్మ వచ్చేదాకా మీట నొక్కుతూ ఉన్నాను.

ఆ ఫొటో అందంగా ఏమీ లేదు. ఎండకి రంగులు వెలిసిపోయినట్టున్నాయి, ఒక మూల ఎవరిదో బట్టతల అడ్డొచ్చింది. కానీ అందులో అందరూ ఉన్నారు. బుట్టలో హాసిని, బుట్ట మోస్తూ బిగపట్టిన పెదవితో సత్తియ్య, బుట్ట అంచున కాసులమ్మ. వెనక పంతులు, కాసులమ్మ అడిగిన పచ్చచీర ఆడబిడ్డ, స్తంభం పక్కన గరిటెతోనే పరుగెత్తుకొచ్చిన వంటమనిషి. ఎవరి మొహం వాళ్ళకుంది.

సత్తియ్య ముందుకి జరిగి కూర్చున్నాడు. కాసులమ్మ పేర్లు చదవడం మొదలుపెట్టింది. "ఇదిగో మా బుజ్జి. ఇదిగో పైడితల్లి, దీనికి ఒంట్లో బాగోలేదు, ఐనా వచ్చింది పాపం. ఏటయ్యా, పెదవలాగ కొరుక్కున్నావు, మరీ అంత బరువేటి మీ గుంట?"

"ఊరుకోవే," అన్నాడు సత్తియ్య. కళ్ళు తుడుచుకోలేదు గానీ, తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "ఇదెవులు తీసేరు?"

"మాదే మావా," అన్నాడు బావ చప్పున. "రెండో కెమెరా. ఎందుకన్నా మంచిదని నేనే పెట్టించేను."

సత్తియ్య నావైపు చూశాడు. అత్త కూడా చూసింది. బావ కళ్ళు మాత్రం టీవీ మీదే ఉన్నాయి.

"నేను తీసేను," అన్నాను.

కాసులమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "మరింకేటి. సెల్లి పెళ్ళికి ఈ గుంటే రావాల. ఆటో పంపుతాం."

*

ఆ తరవాత వారమంతా బావ నాతో సరిగా మాట్లాడలేదు. మధ్యాహ్నాలు ఆయన పడుకున్నాక మిర్రర్‌లెస్ తీసుకుని పెరట్లోకి వెళ్ళేదాన్ని. పిట్టగోడ మీద చెంబులు ఒకదాని వెనక ఒకటి వరసగా పెట్టాను. ఫిఫ్టీ లెన్సు కన్ను పూర్తిగా తెరిస్తే మొదటి చెంబు తప్ప తక్కినవన్నీ పొగ. చక్రం తిప్పి అంకె పెంచుతూ ఆ కన్నుని చిన్నది చేసుకుంటూ పోతే ఒక్కొక్క చెంబూ లేచి నిలబడింది. మామూలు లెన్సు బిగించి చూశాను. చివరి చెంబు మూతి మీది సొట్ట కూడా తెలిసింది. అంకె పెంచితే వెలుతురు తగ్గుతుంది, అయినా పెద్ద సెన్సారు కాబట్టి తట్టుకుంది. చెంబుల మీద రవ్వ పడలేదు.

అంటే తప్పు కెమెరాది కాదు.

సాయంత్రం అన్నం పెడుతూ చెప్పాను. "బావా, అంకె పెంచితే ఎనకున్నోళ్ళు కూడా పడతారు."

ముద్ద ఆపాడు. "నాకు నేర్పుతన్నావేటి?"

"సూసేను."

"నాకు తెల్దనుకున్నావా? అలాగ తీత్తే ఫోన్లో తీసినదానికీ దీనికీ తేడా ఏటి? బ్లర్ కోసమే గదా కొన్నాను."

"ఆల్లకి బ్లర్ ఒద్దు. ఆల్ల మనుషులు కావాలి."

"ఆల్లకేటి తెల్సు! సూడు లోవా, ఒకింట్లో ఇద్దరు ఫొటోగ్రాఫర్లేటి? పెళ్ళాం ఫొటో తీత్తంటే మొగుడు లైటు పట్టుకున్నాడని ఊరంతా నవ్వుద్ది. నానే ఎల్తాను. సత్తియ్య మావకి సర్దిసెప్తాను. ఆ డబ్బా ఇచ్చేసి లెన్సు తెచ్చుకుంటాను."

"అది ఇవ్వను బావా."

పెళ్ళైన తరవాత ఆయనతో నేను కాదన్న మొదటి మాట అదే.

అత్త కల్పించుకుంది. "వాడన్నదాంట్లో తప్పేటే? ఆడది మగోళ్ళ మధ్యన పందిట్లో కెమెరా ఏసుకు తిరుగుద్దేటి? మన ఇంటా వంటా ఉందా?"

"చెరకు కొట్టేకాడ మగోళ్ళ మధ్యన లేమేటత్తా? అప్పుడెవులూ అడగరేం?"

అత్త నావైపు కొత్తమనిషిని చూసినట్టు చూసింది. పులుసుగిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"సూద్దాం," అన్నాడు బావ, చెయ్యి కడుక్కుంటూ.

*

ఫాల్గుణంలో ఆ పెళ్ళిరోజు పొద్దున్నే తలస్నానం చేసి, మొన్న కొన్న నేతచీర కట్టుకున్నాను. చీర కుచ్చిళ్ళు కాళ్ళకడ్డం పడకుండా కాస్త ఎత్తి కట్టాను. కెమెరా కోసం గూట్లో చెయ్యి పెట్టాను. గూడు ఖాళీ.

బావ ముందుగదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. బల్ల మీద కొత్త అట్టపెట్టె తెరిచి ఉంది. అందులో లావుపాటి లెన్సు.

"నిన్న ఇచ్చొచ్చేను," అన్నాడు, ఇస్త్రీపెట్టె మీంచి తలెత్తకుండా. "నువ్వు తోటకెళ్ళినప్పుడు. మంచి లెన్సు లోవా, నువ్వే సూత్తావు. ఏడుపు మొహం పెట్టకు. లైటు తీసుకో, ఎల్దాం."

అత్త అరుగు మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆగింది.

"ఏది ఇచ్చేసేవు?"

"అదే అమ్మా, ఆ డబ్బా."

"నా తమ్ముడిదిరా అది."

"మావకిప్పుడు కళ్ళే కనపడవు. ఆయనకి కెమెరా ఎందుకే?"

అత్త తల వంచుకుని, దువ్వెన పళ్ళ సందున ఇరుక్కున్న వెంట్రుకల్ని లాగుతూ ఉండిపోయింది.

వీధి మొగలో ఆటో హారన్ కొట్టింది. సత్తియ్య పంపిన ఆటో.

నాకు ఏడుపు రాలేదు. బావ సంచి తెరిచాను. మిర్రర్‌లెస్ బయటికి తీశాను. దానికున్న ఫిఫ్టీ ఊడదీసి, దుమ్ము పడకుండా మూత పెట్టి, కొత్త లెన్సు పక్కనే బల్ల మీద పెట్టాను. మామూలు లెన్సు బిగించాను. చక్రం తిప్పి అంకె పెంచాను. బ్యాటరీలు కొంగున ముడేసుకుని, కెమెరా పటకా మెళ్ళో వేసుకున్నాను. నా కెమెరా కన్నా బరువుగా ఉంది. ఇంకాసేపటికి అలవాటవుతుందని అనిపించింది.

"ఏటే అది?" బావ ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. "అదిటియ్యి."

"నా కెమెరా ఉంటే నీది ముట్టుకుందును కాదు."

"అది నీకు రాదు."

"వచ్చు."

"లోవా, సెప్తన్నాను. గుమ్మం దిగేవంటే..."

"ఆల్లు నన్ను రమ్మన్నారు బావా. నేను ఎల్తాను. తీసినవి తెచ్చి నీకే ఇత్తాను. ఆల్బం అట్ట మీద మాత్రం నా పేరెయ్యాల."

బావ నా దారికడ్డం వచ్చాడు. చెయ్యి పట్టుకోలేదు, కెమెరా మీద చెయ్యి వెయ్యలేదు. వేస్తే ఎక్కడ కిందపడుతుందోనని భయం. ఇద్దరం గుమ్మం మధ్యన ఎదురెదురుగా నిలబడ్డాం. ఆటో మళ్ళీ కూసింది.

"సరే, ఎల్లు," అన్నాడు చివరికి, నవ్వు తెచ్చిపెట్టుకుని. "ఎల్లి సూడు. నలుగుపెట్టే గదిలో చీకటిగా ఉంటది, మర్చిపోయేవా? లైటెవులు పడతారు? నానైతే రాను. పెళ్ళాం ఎనకాల లైటు గొడుగు పట్టుకుని నడవను. ఒక్కత్తివీ ఏటి సేత్తావో సేసుకో."

లైటు స్టాండు, దానికి తగిలించే గొడుగు, లైటుపెట్టె, వాటన్నిటికీ నా రెండు చేతులూ చాలవు. అయినా వంగి స్టాండు అందుకోబోయాను.

నా చెయ్యి తగిలేలోపే అది గోడ మీంచి లేచింది. అత్త జుట్టు ముడేసుకుని ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. స్టాండు భుజాన వేసుకుంది. గొడుగు చంకలో పెట్టుకుంది. లైటుపెట్టె రెండో చేత్తో ఎత్తి, బరువు సరిచూసుకుని, గుమ్మంలో ఉన్న కొడుకు వైపు నడిచింది. బావ పక్కకి తప్పుకున్నాడు.

పిలిస్తే వీధి చివరిదాకా వినపడే గొంతు ఆవిడది. ఆ పొద్దున కొడుకునీ చూడలేదు, నన్నూ చూడలేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని, ఒక్క మాటా అనకుండా మెట్లు దిగి ఆటో వైపు వెళ్ళిపోయింది.